రాత్రి నిప్పు

మా తల్లి నిప్పును ఆరనిచ్చి ఎరుగదు. ఈ మాటను పొగడ్తగా వ్రాయుచున్నామో, నిందగా వ్రాయుచున్నామో ఈనాటికిని మాకే తేలలేదు. అగ్గిపెట్టెలు దొరకని కాలము కాదు. వీధి మొగనున్న కొట్టులో కావలసినన్ని దొరకుచునే యుండెను. అయినను తెల్లవారి లేచి అగ్గిపుల్ల గీయవలసి వచ్చుట ఇల్లాలికి తలవంపని ఆమె నమ్మకము. పొయ్యిలో పిల్లి లేవని ఇల్లని లోకులు లేమిని గూర్చి చెప్పుకొందురు గదా. ఆమె ఆ మాటను అక్షరాల తీసికొన్నది. కాపురమునకు వచ్చిన నాటి నుండి ఇంటికి వంటగ్యాసు వచ్చిన నాటి వరకు, గ్రహణము పట్టిన దినములలో తప్ప, తన పొయ్యి చల్లారలేదని చెప్పుకొనుచుండెను. గ్రహణమునకు మాత్రము నిప్పు తీసివేసి, పొయ్యి అలికి, విడుపుస్నానమైన పిదప క్రొత్తనిప్పు వేయుట మా ఇంటి ఆచారము. మరియొక దినమున గూడ ఆ నిప్పు ఆరినది. దానిని ఆమె లెక్కలో చేర్చెడిది కాదు. మేము చేర్చుచున్నాము.

మా బాల్యము ఎల్లందులో గడచినది. 1871వ సంవత్సరమున విలియం కింగను భూగర్భశాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతమున నేలబొగ్గు కలదని కనుగొనెను. పిదప త్రవ్వకము మొదలైనది. దగ్గరనున్న సింగరేణి గ్రామము పేరు పెట్టుకొని 1920లో కంపెనీ ఏర్పడినది. పూర్వులు నేలబొగ్గును రాక్షసిబొగ్గనిరి. ఆ పేరు పెట్టినవారెవరో గాని పొయ్యి రాజవేసినవారే యైయుందురు. కట్టెబొగ్గు వలె అది రెండు విసరులకు అంటుకొనదు. అడుగున పిడకలును కట్టెపేళ్లును పేర్చి, చమురుగుడ్డ ముట్టించి, పైన బొగ్గుపెల్లలు వేసి, చేతులు పడిపోవునట్లు విసరవలెను. అరగంటకు పైగా పసుపు కలిసిన దట్టమైన పొగ లేచును. కండ్లు మండును, ఆరవేసిన బట్టలు మసిబారును. సాయంకాలము నాలుగైదు గంటలకు ఇంటింటి ముంగిట పొయ్యిలు రాజుచుండగా వాడ వాడయంతయు మబ్బులో మునిగినట్లుండెడిది. పొగ పోయి బొగ్గు కణకణలాడిన పిదప పొయ్యిని లోపలికి తెచ్చుచుండిరి. పొగ యున్నంతవరకు వాకిట, పొగ పోయిన పిదప ఇంట: ఇది అక్కడి ఆడవారందరికి తెలిసిన సూత్రము. చదువరులు ఈ సూత్రమును కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను.

మా తండ్రి గనిపని చేయుచుండెను. మొదటి షిఫ్టు వచ్చిన వారములలో నాలుగున్నరకే ఇల్లు విడువవలెను. అప్పటికి చాయయు, సద్దియు సిద్ధమై యుండవలెనన్నచో చల్లారిన పొయ్యిని రెండున్నరకే రాజవేయవలసి వచ్చును. రాత్రి నిప్పు నిలిపియున్నచో మూడున్నరకు లేచినను చాలును. కావున నిప్పు నిలుపుట వట్టి పట్టుదల మాత్రమే కాదు, అందులో ఒక లెక్కయు కలదు. గంటసేపు నిద్ర కలిసివచ్చునని ఆమె లెక్క. కాని నడుమ రెండు గంటలకు లేచి నిప్పు ఎట్లున్నదో చూచుట ఆ లెక్కలో చేరలేదు.

ఆమె నేర్పును కొంత విపులముగా వ్రాయుదుము. అది పోయిన విద్య. మరల రాదగినది కాకున్నను వినదగినది. పొయ్యి యనగా చిల్లుపడిన ఇనుప బొక్కెన. నడుమ చువ్వలు అడ్డముగా గుచ్చి, లోపలి ప్రక్కను బంకమట్టియు ఊకయు కలిపి రెండంగుళముల మందమున మెత్తి, బూడిద రాలుటకును గాలి పోవుటకును అడుగున జానెడు నోరు కోసినది. రాత్రి వంట ముగిసిన తరువాత ఆమె చువ్వల క్రింది బూడిదను సగము మాత్రమే లాగుచుండెను. అంతయు లాగినచో గాలి చొరబడి బొగ్గు రెండు గంటలలో కాలిపోవును. అసలు లాగకున్నచో నడిరాత్రికే చచ్చును. పిదప ఎర్రని కణికలను పట్టకారుతో నడుమకు కుప్ప చేసి, వానిపై రెండు పెద్ద పెల్లలు పెట్టును. చిన్నపెల్లలు నిలువవు, పెద్దది అంచుల నుండి లోనికి మెల్లగా కాలును. వాని చుట్టును బొగ్గునుసి, మట్టి, పేడ కలిపి ఎండబెట్టిన ఉండలు నాలుగు. ఆపైన తడిపిన నుసి పలుచగా. ఆపైన చల్లని బూడిద. బూడిదలో వ్రేలితో ఒక రంధ్రము. అడుగు నోటికి ఇటుకముక్క అడ్డము పెట్టి, రెండు వ్రేళ్ల సందు విడుచును. ఆ సందు విషయములో ఆమెకు గడియారము చేయువానికుండు పట్టింపు ఉండెడిది. గాలి హెచ్చుగా వీచు రాత్రి సందు తగ్గించును. ముసురుపట్టిన రాత్రి పెంచును. తెల్లవారుజామున ఇటుక తీసి ఇనుపపుల్లతో చువ్వల నడుమ రెండు పోట్లు పొడిచినచో బూడిద జలజల రాలి, లోపల దానిమ్మగింజ వంటి ఎరుపు కనబడును. నాలుగు విసరులు విసరినచో పొయ్యి సిద్ధము.

తమ నిప్పు నిలువని ఇరుగుపొరుగు ఆడవారు గరిటెయో, పెంకుముక్కయో పట్టుకొని, "అక్కా, రవ్వంత నిప్పు పెట్టు" అని వచ్చుచుండిరి. మా తల్లి లేదనక పెట్టుచుండెను గాని, "నీ నిప్పు నిలవలేదా?" అని ప్రతిసారి అడుగుచుండెను. ఆ ప్రశ్నలో జాలి కంటె గర్వము పాలు హెచ్చని మాకు చిన్నతనముననే తెలియును.

మేము పట్టపరీక్ష నెగ్గి, ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధింప మొదలుపెట్టితిమి. గ్రంథాలయపు వార్షికోత్సవములలో స్త్రీవిద్యను గూర్చియు, బాల్యవివాహముల కీడును గూర్చియు ఉపన్యసించి చప్పట్లు గొంటిమి. ఇంటికి వచ్చి, "అమ్మా, నీవు రాత్రి రెండు గంటలకు లేచుట ఏటికి?" అని ఒక్కనాడును అడుగలేదు. పాత్రల చప్పుడునకు నిద్ర చెడినదని విసుగుకొన్న దినములు మాత్రము చాల గలవు.

1968వ సంవత్సరము జనవరి. సంక్రాంతి వెళ్లిన వారము. మా చెల్లెలు తొలికాన్పునకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కని తొమ్మిది దినములైనది. ఆ యేడు చలి హెచ్చు. మా వంటయిల్లు పెరటివైపు వేసిన పెంకుల వసారా. పడుకొని చూచినచో పెంకుల సందులలో నక్షత్రములు కనబడెడివి. ఇన్నేండ్లు మమ్ము కాపాడినది మా తల్లి నేర్పు గాదు, ఆ సందులని తరువాత తెలిసినది. పురిటిగది అట్టిది కాదు. గట్టి కప్పు, నాలుగు గోడలు, ఒక తలుపు, ఒక కిటికీ. బాలింతకు గాలి తగులరాదను కట్టు మన ఇండ్లలో ఎంత బిగువైనదో వేరుగా చెప్ప నక్కరలేదు. తలకు గుడ్డ, చెవులలో ప్రత్తి, మంచము క్రింద కుంపటి.

ఆ కుంపటి విషయమున మా తల్లి ఎంతయో జాగ్రత్తపడెను. పొగ తగిలినచో పసిదాని కండ్లు చెడునని నుసి వేయలేదు, ఉండలు వేయలేదు. వాకిట బొగ్గును పొగ పూర్తిగా చచ్చువరకు కాల్చి, ఎర్రని కణికలను మాత్రము కుంపటిలో పోసి, మెత్తని బూడిద కప్పి లోపలికి తెచ్చెను. కిటికీ రెక్క సరిగా పడక సందులో నుండి ఈదర కొట్టుచుండెను. "నాయనా, ఆ సందులో ఏదైనా గుడ్డ కుక్కు" అని మాతో ననెను. మేము మా పాత ధోవతిని నిలువునా చింపి, ప్రయోగశాలలో సీసాకు బిరడా బిగించునంత శ్రద్ధతో ఆ సందును మూసితిమి. అంతటితో ఊరకుండక తలుపు క్రింద గోనెపట్ట పరచితిమి. పని చక్కగా కుదిరినదని మెచ్చుకొంటిమి గూడ.

ఆ యేడు మేము పిల్లలకు చెప్పిన పాఠమొకటి కలదు. బొగ్గు చాలినంత గాలిలో కాలినచో బొగ్గుపులుసు గాలి పుట్టును. చాలని గాలిలో కాలినచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దీనికి రంగు లేదు, వాసన లేదు. కండ్లు మండవు, దగ్గు రాదు. మన రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదాని కంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో దీనిని పట్టుకొనును. ఇక ప్రాణవాయువునకు చోటుండదు. పొయ్యి మీద ఆడు నీలిమంట ఈ వాయువు కాలుటయే. మంట ఆడినంతసేపు అది కొంతవరకు కాలిపోవును. బూడిద కప్పి మంటను అణచినచో కాలకయే పైకి వచ్చును. అనగా నిప్పును రాత్రియంతయు నిలుపు విద్యయు, ఈ విషమును పుట్టించు విద్యయు ఒకటే. నిప్పునకు గాలి తగ్గించుటయే గదా దానిని నిలుపుట! ఇదంతయు నల్లబల్లపై వ్రాసి, ముఖ్యమని క్రింద గీత గీయించితిమి. పిల్లలు పరీక్షలో సరిగా వ్రాసిరి. మేమే తప్పితిమి. ఆ వాయువు గనులలోను, మోటారుబండ్ల పొగలోను, పాఠ్యపుస్తకములోను ఉండునని మా తలంపు; అమ్మ కుంపటిలో ఉండునని తోచలేదు.

ఆ రాత్రి మా తండ్రికి రాత్రి షిఫ్టు. మా తల్లి బాలింతకు తోడుగా ఆ గదిలో నేలపై పడుకొన్నది. మేము ముందుగదిలో నుంటిమి. రెండు గంటలకు అలవాటు చొప్పున ఆమెకు మెలకువ వచ్చినది. తల బద్దలగుచున్నట్లుండెనట, కాళ్లు తనవి కావనిపించెనట. కుంపటి చూడవలెనని మాత్రము తోచెను గాని బిడ్డను చూడవలెనని తోచలేదట. ఈ మాట చెప్పునప్పుడెల్ల ఆమె కంట నీరు పెట్టుకొనుచుండెను. రెండడుగులు వేసి కూలెను. చేయి తగిలి కంచుచెంబు దొర్లి తలుపునకు కొట్టుకొన్నది.

మేము విసుగుకొనుచునే లేచితిమి. తలుపు తోయగా రాలేదు. మేము పరచిన గోనెపట్ట మడతపడి అడ్డము తగిలినది. భుజముతో మోదితిమి. లోపల పొగ లేదు. చిమ్నీదీపము నిమ్మళముగా వెలుగుచుండెను. అందరు సుఖముగా నిద్రించుచున్నట్లే యుండిరి. ఆ నిమ్మళమును చూచి ఒక క్షణము వెనుదిరుగ నుంటిమని కూడ ఒప్పుకొనవలెను. తల్లి నేలపై అడ్డముగా పడియుండుట చూచి చెల్లెలిని పేరు పెట్టి పిలిచితిమి. పలుకలేదు. అప్పుడు, ఆ నల్లబల్ల మా కండ్లయెదుట నిలిచినది.

బిడ్డను ఎత్తుకొని వాకిటికి పరుగెత్తితిమి. కేకలకు ప్రక్కింటి పిన్ని వచ్చి బిడ్డను అందుకొన్నది. ఆమె భర్తయు మేమును చెల్లెలిని, తల్లిని చాపలతో ఈడ్చి బయట వేసితిమి. ఏ చలికి జడిసి సందులు మూసితిమో ఆ చలిలోనే వారిని పరుండబెట్టి, ఆ చలిగాలినే వారికి విసరితిమి. కొంతసేపటికి బిడ్డ ఏడ్చెను. చెల్లెలు వాంతి చేసికొని కన్ను తెరచెను. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టిరి. వైద్యుడు, "గదిలో బొగ్గులు పెట్టి తలుపులు మూసినారా?" అని అడిగి, మేమేమి పని చేయుదుమని గూడ అడిగెను. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పుటకు చాలసేపు పట్టినది.

మా తండ్రి షిఫ్టు దిగి నేరుగా ఆసుపత్రికి వచ్చెను. విన్నది విని గోడకానుకొని కూర్చుండెను. గనిలో నిప్పు పుట్టిన త్రోవకు గోడ కట్టి మూయుదురు. గాలి తగ్గిన నిప్పు వెనుక చెడుగాలి చేరునని, పరీక్షింపక ఆ గోడ దాటి పోరాదని పనివారందరికి తెలియును. 1896లో జాన్ స్కాట్ హాల్డేనను శాస్త్రజ్ఞుడు బొగ్గుగనుల ప్రేలుళ్లలో చచ్చినవారిని పరీక్షించి, వారిలో పెక్కురు దెబ్బవలన గాక ఈ వాయువు వలననే చచ్చిరని తేల్చెను. మనిషి కంటె ముందుగా సొమ్మసిల్లు చుంచెలుకనో, చిన్నపిట్టనో వెంట గొనిపోవలెనని చెప్పినవాడును ఆయనయే. ఇంగ్లండు గనులలో ఆ పిట్టలను మానిపించి యంత్రములు పెట్టుటకు 1986వ సంవత్సరము రావలసి వచ్చినది. భూమి క్రింద ఇంత కావలి కలదు. భూమి పైన, అదే బొగ్గు, అదే వాయువు, పురిటిమంచము క్రింద. "గని మన ఇంట్లోకి వచ్చిందని అనుకోలేదురా" అని మా తండ్రి అనెను. ఆయనకు తెలిసినది ఇల్లు చేరలేదు. మాకు తెలిసినది బడి దాటలేదు.

ఇది ఎరుగని వారికి మాత్రమే కలుగు ఆపద యనుకొనరాదు. గనిపనివారి బ్రతుకును గూర్చి 1885లో 'జెర్మినాల్' అను నవల వ్రాసి లోకమును కదలించిన ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలా చచ్చినది బొగ్గునిప్పు వలననే. 1902 సెప్టెంబరు చివర పల్లె నుండి పారిసులోని ఇంటికి వచ్చి, గది చెమ్మగా నున్నదని పడకగదిలో బొగ్గు రాజవేయించెను. పొగగొట్టము మూసుకొని యుండెను. రాత్రి భార్యకు తలనొప్పియు, వాంతియు కలిగినవి. సేవకులను లేపుదమా యన్నచో వలదనెను. తెల్లవారినచో తగ్గునని తలచెను. పిదప లేచి కిటికీ వైపు పోబోయి క్రింద పడెను. ఉదయము తలుపులు పగులగొట్టి చూచునప్పటికి ఆయనకు ప్రాణము లేదు. మంచముపై నున్న భార్య బ్రతికినది. ఒరుల నిద్ర చెరుపరాదను మర్యాదకు ఎంత వెల! మా ఇంట ఒక చెంబు ఆ మర్యాద పాటింపలేదు.

మూడవనాడు ఇల్లు చేరగానే మా తల్లి ఎవరితోను మాటలాడక, కుంపటిలోను పొయ్యిలోను కడివెడు నీళ్లు పోసెను. వసారా అంతయు ఆవిరి. ఆ సాయంకాలము గరిటె పట్టుకొని ప్రక్కింటికి తానే వెళ్లెను. పిన్ని వేళాకోళమునకు కాదు, అలవాటుగా, "నీ నిప్పు నిలవలేదా అక్కా?" అనెను. "నిలిచింది. అందుకే ఆర్పాను" అని మా తల్లి చెప్పినదట.

అటుపిమ్మట నిప్పు నిలుపుట మానినదని చదువరులు తలతురేమో. మానలేదు. చాయ కావలెను, సద్ది కావలెను. షిఫ్టు మన పశ్చాత్తాపమును చూడదు. పెరటిలో నలువైపుల తెరపిగా ఒక రేకుల పందిలి వేయించి, పొయ్యిని అచటికి మార్చితిమి. రాత్రి రెండు గంటలకు మేము లేచి చూచెదమని చెప్పితిమి. నాలుగు దినములు లేచితిమి. అయిదవనాడు మెలకువ రాలేదు. తెల్లవారి చూచునప్పటికి నిప్పు నిలిచియే యున్నది; ఎవరు చూచిరో అడుగుటకు సిగ్గుపడితిమి.

బాలింతను, పసిబిడ్డను వెచ్చగా నుంచవలెననుట మూఢాచారమని మేము అనము. పుట్టిన బిడ్డకు చలి నిజముగా శత్రువే. మన ముత్తవ్వలు ఆ మాట ఎరిగియే కుంపటి పెట్టిరి. తప్పు వెచ్చదనము కోరుటలో లేదు, గాలిని శత్రువనుకొనుటలో కలదు. 1978లో దక్షిణ అమెరికాలోని బొగోటా నగరమున ఎడ్గార్ రే అను వైద్యుడు, వెచ్చని పెట్టెలు చాలక, నెలలు తక్కువగా పుట్టిన బిడ్డలను తల్లుల రొమ్ములకు చర్మము చర్మమునకు తగులునట్లు కట్టించెను. అది మేలైన పద్ధతియని నేడు లోకమంతట వైద్యులు ఒప్పుకొనుచున్నారు. మా చెల్లెలి రొమ్ము ఆ రాత్రి బిడ్డకు జానెడు దూరముననే యుండెను. మేము దానిని విడిచి కుంపటిని నమ్మితిమి.

నేడు మన పట్టణములలో బొగ్గుపొయ్యి చూడనివారే హెచ్చు. అయినను ప్రతి చలికాలమున ఉత్తరదేశపు పత్రికలలో, అంగీఠీ రాజవేసి తలుపులు మూసి పడుకొన్న కుటుంబములు తెల్లవారునప్పటికి లేవలేదను వార్త వచ్చుచునే యున్నది. కొండప్రదేశములకు విహారమునకు పోయి, మాంసము కాల్చుకొన్న బొగ్గుల పళ్లెమును చలికి గుడారములోనికి తెచ్చుకొను చదువుకొన్న యువకులును కలరు. పొగ పోయినది గదా యని వారును అందురు. ఆ సూత్రమే.

మా ఇంటికి వంటగ్యాసు 1984లో వచ్చినది. మా తండ్రి అప్పటికి లేడు. మొదటి దినమున మా తల్లి పొయ్యి దగ్గర ముక్కు మూసికొని, ఈ కుళ్లు కంపు ఏమని అడిగెను. గ్యాసునకు స్వతహాగా వాసన లేదనియు, కారినచో మనకు తెలియవలెనని కావలెననియే కంపు కలిపిరనియు చెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, "మరి ఆ బొగ్గుకు ఎవరూ కలపలేదేం?" అనెను. మేము విజ్ఞానశాస్త్రము బోధించిన ముప్పది సంవత్సరములలో ఇట్టి ప్రశ్న మరియొకటి వినలేదు, జవాబును చెప్పలేదు.

ఆ రాత్రి మీట తిప్పి మంట ఆర్పి, "ఇక దీనికి రాత్రి ఏం చెయ్యాలి?" అని అడిగెను.

"ఏమీ అక్కరలేదమ్మా, పడుకో" అంటిమి.

పడుకొన్నది. రెండు గంటలకు పెరటి తలుపు గొళ్లెము చప్పుడైనది. మేము లేచి చూచితిమి. రేకుల పందిలి క్రింద, చల్లని పొయ్యి ప్రక్కను పీట వేసికొని కూర్చుండి యున్నది. మేమును ఒక పీట తెచ్చుకొని ఆమె ప్రక్కను కూర్చుంటిమి.